కండువాలు కుట్టిన యారాలు

నిన్న కోరుట్లలో లంగా కొనడానికి వెళితే దుకాణాయన ఒకటి పరిచి, "సిరిసిల్ల సరుకమ్మా, ఎన్నిసార్లు ఉతికినా రంగు వోదు" అన్నాడు. నడుం పట్టీ మీద మా యారాలి పేరుంది. నా మరిది భార్య. కుట్టు వంకరగా ఉందని చెప్పి లేచి వచ్చేశాను. కుట్టు తిన్నగానే ఉంది.

ఒకప్పుడు ఇద్దరం ఒకే పార్టీ సభలకు వెళ్లేవాళ్లం. ఎండలో కాళ్లు వాచాయని ఆమె త్వరగానే మానేసి, సిరిసిల్లలో రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని కుట్టుమిషన్లు పెట్టింది. నేను జగిత్యాలలో మా పార్టీ నాయకుడి వాకిట్లోనే ఉండిపోయాను. "ఈసారి పదవి నీకే అక్కా" అనేవాడాయన. ఆ మాట తీపి ఎన్నికలదాకా సరిపోయేది.

ఒక ఎన్నికలప్పుడు ఆమె మా పార్టీతో పాటు అవతలి పార్టీకీ కండువాలు కుడుతోందని ఆయనకు తెలిసింది. "మీ యారాలే గదా, నువ్వు జెప్తే ఇంటది" అని నన్ను పంపాడు. గర్వంగానే వెళ్లాను. "మనోళ్లయే కుట్టు, గెలిస్తే నీకేమన్న ఇప్పిస్తరు" అన్నాను. ఆమె చాయ్ ఇచ్చి, కత్తెర ఆపకుండానే చెప్పింది: "నాకెవలేం ఇప్పియ్యొద్దక్కా. నా పని నన్ను జేసుకోనిస్తె సాలు. గీ కుట్టే ఆడోళ్లు తలా ఓ పార్టీకి ఓటేస్తరు, నేనడుగుతనా?"

ఆ మాట విని నాయకుడు కోపంతో తన కండువాల పనిని వేరే ఊరికి మార్చేశాడు. ఇక షెడ్డు మూతపడుతుందని లోలోపల సంబరపడ్డాను. ఆమె అవే మిషన్ల మీద లంగాలు మొదలుపెట్టింది. తీరా సభ దగ్గరపడినా వేరే ఊరి కండువాలు రాలేదు. నాయకుడే సిరిసిల్ల బయలుదేరాడు, వెనక నేను. ఆమె జగిత్యాల వ్యాపారి ఒకాయనతో బేరంలో ఉంది. "గా కుర్సీల కూసోండ్రి సార్, ఈయన ముందుగాల వచ్చిండు" అంది. నేను ఎవరి ముందు ఏళ్ల తరబడి చేతులు కట్టుకుని నిలబడ్డానో ఆ మనిషి, ఆ కుర్చీలో కూర్చుని తన వంతు కోసం చూశాడు. ఆమె మెడలో బంగారం చూసినప్పుడు కూడా నా కడుపు అంతగా మండలేదు. పాత ధరకే కుట్టిచ్చింది, ఒక్క మాట ఎత్తిపొడవలేదు. దానికి ఇంకా మండింది.

ఆ పదవి చివరికి నాయకుడి మరదలికి దక్కింది. నా మంట మాత్రం ఇప్పటికీ చల్లారలేదు. ఎవరో ఇస్తారని కూర్చున్న ఏళ్లు అప్పుడు ఎంత నిదానంగా నడిచాయో, వెనక్కి చూస్తే అంత తొందరగా అయిపోయినట్టున్నాయి.