పాప్ అంటే సినిమా కాదు

మా ఇంట్లో సినిమా పాట నిషిద్ధం. నాన్నగారు ముమ్మిడివరం దగ్గర మా ఊరి ఎలిమెంటరీ స్కూల్లో మేస్టారు. ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయించేవారు. ఆయన దృష్టిలో రెండోదే అసలు ఉద్యోగం. సినిమా హాలు గడప జన్మలో తొక్కలేదు. పెళ్ళిళ్ళ మైకుల్లో సినిమా పాటలు చెవిన పడుతూనే ఉండేవి కానీ, అన్నింటినీ కలిపి మోత అనేసి ఊరుకునేవారు.

ఎనభైల మొదట్లో నేను అమలాపురంలో ఇంటర్ చదివేదాన్ని. కాలేజీలో ఒక స్నేహితురాలి దగ్గర కేసెట్ అడిగి తెచ్చుకున్నాను. మద్రాసు హోటళ్ళలో పాడే ఒకావిడ, జనానికి బాగా తెలిసిన సినిమా పాటల్ని తన పద్ధతిలో మళ్ళీ పాడి విడుదల చేసిన కేసెట్ అది. అట్ట మీద కత్తిరించిన జుట్టుతో, పేంటుతో ఆవిడ ఫోటో, కింద 'పాప్' అన్న మాట. హీరో, హీరోయిన్ల బొమ్మలు ఎక్కడా లేవు. మస్కట్ నుంచి మావయ్య తెచ్చిన టేప్ రికార్డర్ మా ఇంట్లో దైవ ప్రసంగాలు వినడానికే ఉండేది. నాన్నగారు ఇంట్లో లేరనుకుని దాంట్లో ఈ కేసెట్ పెట్టాను. ఆయన పెరట్లో ఉన్నారు.

రెండో పాట నడుస్తోంది. సినిమాలో అది క్లబ్బులో గ్లాసు పట్టుకుని ఆడే పాట. ఈవిడ దాన్ని బాగా నెమ్మది చేసి, వాయిద్యాలన్నీ తీసేసి, పియానో ఒక్కటే ఉంచింది. తెలుగు మాటల్ని సగం నమిలి మింగేసింది. నాన్నగారు గుమ్మంలో నిలబడి చివరిదాకా విన్నారు.

"సినిమా పాటా అమ్మా?"

"కాదండి నాన్నగారూ. పాప్."

"అంటే?"

"ఇంగ్లీషు వాళ్ళ పద్ధతండి."

"ఆయ్, అదీ సంగతి. దొరల కాలం నాటి కీర్తనలా ఉంది. మళ్ళీ పెట్టు."

బతికిపోయాననుకున్నాను. సిగ్గుపడాలని అప్పటికి తోచలేదు.

మంచి బాణీ చెవిన పడితే దానికి దేవుడి మాటలు కట్టి పాడుకోవడం మా వైపు ఆనవాయితీ. నాన్నగారు ఆ పాటను పదిసార్లు విని, పశువుల పాక మీద, తూర్పు చుక్క మీద నాలుగు చరణాలు రాశారు. క్రిస్మస్‌కి పాడమని పదేళ్ళ లోపు పిల్లలకు నేర్పారు. వాళ్ళు సినిమాల ముఖం ఎరగరు. నేను చెప్పి ఉండవలసింది. చెబితే నాకెలా తెలుసని అడుగుతారు. కాలేజీ ఎగ్గొట్టి మ్యాట్నీ చూశానని ఒప్పుకోవాలి. రేపు చెబుదాంలే అనుకుంటూ డిసెంబరు గడిపేశాను.

క్రిస్మస్ ఉదయం ఆయనకు పాట మరీ సాగుతున్నట్టు అనిపించింది. "పండగ పూట నీరసం ఏంటి, హుషారుగా కొట్టండి," అని డోలక్ వాయించే ఆయనకు సైగ చేశారు. అంతే, పాట తనంతట తాను క్లబ్బుకు వెళ్ళిపోయింది. రెండో చరణానికి మగవాళ్ళ వైపు తలలు ఒక్కసారి లేచి, వెంటనే వంగాయి. ఆడవాళ్ళ వైపు ఎవరో పమిట నోటికి అడ్డం పెట్టుకున్నారు. చాపల మీద సంఘమంతా తేలు కుట్టిన దొంగల్లా కూర్చుంది. మా సంఘంలో సినిమా చూడటం తప్పు. బాణీ తెలుసన్నవాడు సినిమా చూసినట్టే లెక్క. ఆరాధన అయ్యాక అందరూ నాన్నగారి చెయ్యి పట్టుకుని, "పాట చాలా బాగుందండి మేస్టారూ," అన్నారు. ఆయన ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు, సంతోషంతో.

సంఘపెద్ద గారు కూడా అదే మాట అన్నారు. ఆ మ్యాట్నీలో నా వెనక వరసలో తలకు తువ్వాలు చుట్టుకుని కూర్చున్నది ఆయనే. ఆయనా నన్ను చూశారు. అప్పటినుంచి ఎదురుపడినప్పుడల్లా ఒకరికొకరం మరీ వినయంగా వందనాలు చెప్పుకునేవాళ్ళం.

జనవరిలో నాన్నగారు స్కూలు పని మీద అమలాపురం వెళ్ళారు. ఆ సినిమా మళ్ళీ వేశారట. ఆటకు ముందు హాలు బయటి మైకులో ఆయన క్రిస్మస్ పాట బాణీ సినిమా మాటలతో మోగింది. ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే అడిగారు.

"నీకు ముందే తెలుసా అమ్మా?"

"తెలియదండి."

ఈ అబద్ధం మొదటిదానికంటే తేలిగ్గా వచ్చింది.

ఆదివారం సాక్ష్యాల వేళ ఆయన లేచి, జరిగింది జరిగినట్టు చెప్పి క్షమించమన్నారు. "మీలో ఎవరికైనా ముందే తెలుసా అండీ? తెలిస్తే లేవండి. తప్పు పట్టడానిక్కాదు, నేనొక్కణ్ణే తెలియనివాణ్ణా అని," అన్నారు. నా కళ్ళు చాప అంచు మీద ఉన్నాయి. ఎవరూ లేవలేదు, నాన్నగారు కూర్చోలేదు. చివరికి సంఘపెద్ద గారు గొంతు సవరించుకున్నారు.

"తెలియక చేసేరు, అది వేరే సంగతండి. అయినా కొన్నాళ్ళు హార్మోనియం వేరే ఎవరైనా చూసుకుంటారులెండి, మేస్టారూ."

"ఆయ్," అన్నారు నాన్నగారు.

ఆ కొన్నాళ్ళు ఎప్పటికీ అవలేదు. పిల్లలు కాక, ఆ సినిమా చూడనివారు చర్చి మొత్తంలో బహుశా ఆయనొక్కరే. శిక్ష పడిందీ ఆయనకే.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆయన టేప్ రికార్డర్లోంచి కేసెట్ తీసి, డబ్బాలో పెట్టి నా చేతికిచ్చారు. "మీ స్నేహితురాలికి ఇచ్చెయ్యమ్మా. ఈవిడ తప్పేం లేదు, బాగా పాడింది," అన్నారు. రెండడుగులు వేసి ఆగారు.

"నువ్వు లేస్తావేమోనని కాస్సేపు ఆగేనమ్మా," అన్నారు.