కామేశ్వరరావు గారి తొలి నవలలూ, మలి నవలలూ, మధ్యలో నేనూ

ఢిల్లీలో జనక్‌పురి తెలుగువాళ్ల సభల్లో ఎవరైనా కుర్రాడు మైకు దగ్గరికి నడుస్తుంటే, ఇప్పటికీ వెనక వరుసలో ఒకాయన పక్కాయన చెవిలో ఏదో చెబుతాడు. ఇద్దరూ భుజాలు కదిలేలా నవ్వుకుంటారు. ఆ చెప్పేది నా గురించే. ఇరవై నిమిషాల ఉపన్యాసంతో ఒక పెద్దావిడ ఎన్నో ఏళ్ల కోరికకు ఎసరు పెట్టిన మహానుభావుణ్ణి నేను. ఎలా పెట్టానో చెబుతాను. మీరు మొహమాటపడకుండా నవ్వండి. ఆ రోజు హాల్లో నవ్వనిది ఆవిడా, నేనూ మాత్రమే.

అప్పటికి నాకు పాతికేళ్లు. గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కటవారియా సరాయ్‌లో అద్దె గది. ఆ గదిలో మంచం దిగకుండా కిటికీ మూయవచ్చు, తలుపు తీయవచ్చు, స్టవ్ ఆర్పవచ్చు. భోజనం బేర్ సరాయ్‌లో ఒక మెస్సులో. సోమవారం రాజ్మా, మంగళవారం రాజ్మా, బుధవారం కాస్త మార్పుగా మంగళవారం నాటి రాజ్మా. అలాంటి దశలో తెలుగు సంఘం వాళ్ల ఉగాది భోజనాల్లో, పులిహోర కోసం మూడోసారి వరుసలో నిలబడి సుభద్ర ఆంటీ కంట్లో పడ్డాను.

"ఏ ఊరు బాబూ మీది?"

"తెనాలండి."

"అచ్ఛా. ఇక్కడ తిండి పెట్టేవాళ్లెవరూ లేరా?"

లేరన్నాను. ఆ గొంతులో ఎంత దీనత్వం పలికిందో గానీ, ఆ మరుసటి ఆదివారం నుంచి మధ్యాహ్న భోజనం జనక్‌పురిలో వాళ్లింట్లోనే.

ఆ ఇంటి యజమాని కామేశ్వరరావు గారు. కేంద్ర ప్రభుత్వంలో ముప్ఫై అయిదేళ్లు ఫైళ్లు చూసి రిటైరయ్యారు. ఫైళ్ల మధ్య దొరికిన తీరికలో తెలుగులో దయ్యాల నవలలు రాశారు. నలభై దాకా ఉంటాయి. అభిమానులు ఆయన్ని ముద్దుగా 'వణుకుల కామేశ్వరరావు' అనేవారు. మనిషి మాత్రం మెడకు మఫ్లరు చుట్టుకుని "ఇంకాస్త పెరుగు వేసుకో నాయనా" అనే రకం. ఆయన చెయ్యి తగిలి చీమ చచ్చినా గంటసేపు బాధపడతారు.

సెప్టెంబరులో ఒక ఆదివారం ఆయన భోంచేసి కునుకు తీస్తుండగా, ఆంటీ నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేశారు.

"మురళీ, నువ్వు నాకో సాయం చెయ్యాలి. మీ అంకుల్ చేత రాయడం మాన్పించాలి."

"అదేంటాంటీ!"

"నీకు తెలీదయ్యా. రాస్తున్నన్నాళ్లూ ఆయనకి భయం. ఆయన దయ్యాలు ఆయన్నే పట్టుకుంటాయి. పట్టపగలు పదకొండింటికి స్నానానికెళ్లినా నేను తలుపు బయట నించోవాలి. నిమిషానికోసారి 'ఉన్నావా?' అంటారు. 'ఉన్నా' అనాలి. ఓసారి పాలు పొంగుతున్నాయని ఇటొచ్చాను. అంతే, ఒంటినిండా సబ్బు నురగతో హాల్లోకి వచ్చేశారు. హాల్లో ఎవరున్నారో తెలుసా?"

"ఎవరాంటీ?"

"కాలనీ సెక్రటరీ. పంజాబీ ఆయన. పాపం, ఆ రోజు నుంచీ మా ఇంటికి చందాకి కూడా రాడు."

నవ్వబోయి ఆగాను. ఎందుకంటే ఆవిడ నవ్వడం లేదు.

"ముప్ఫై ఎనిమిదేళ్ల నుంచీ ఢిల్లీలో ఉంటున్నాను బాబూ. హరిద్వార్ చూడలేదు. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి దిగే ఊరు! మా కాలనీ ఆడవాళ్లు వచ్చే నెల పది రోజులు వెళ్తున్నారు. నేనూ పేరిచ్చాను. ఆయన చేతిలో నవల ఉంటే ఒక్కరూ ఇంట్లో ఉండలేరు. నవల లేకపోతే సింహంలా ఉంటారు."

నాకు నిజంగానే జాలేసింది. ఆవిడ పథకం కూడా తేలిగ్గానే ఉంది. తెలుగు సంఘం వాళ్లు అంకుల్‌కి సన్మానం తలపెట్టారు. అందులో ఆయన తొలి నవలలనూ మలి నవలలనూ పోలుస్తూ ఎవరైనా మాట్లాడాలి. ఆ మాట్లాడేది నేను. తొలి నవలల్ని ఆకాశానికెత్తి, మలి నవలల్లో ఆ పస తగ్గిందని సున్నితంగా చెప్పాలి. అసలే ఆయనకు ఆ అనుమానం ఉంది. ఇక కలం పక్కన పెడుతున్నానని ఒక కాగితం కూడా రాసి జేబులో పెట్టుకు తిరుగుతున్నారు. ఎవరైనా కాస్త నెడితే సభలోనే చదివేస్తారు.

"నాకు సాహిత్యం తెలీదాంటీ."

"కళ్లజోడుందిగా. చాలు."

నాలుగు నవలలు గుడ్డసంచిలో వేసి ఇచ్చారు. "రెండు మొదట్లోవి, రెండు ఈమధ్యవి. చదువుకున్నవాడివి, చూస్తే నీకే తెలుస్తుంది."

చూశాను. నాకే తెలిసింది! రెండు పుస్తకాలకు అట్టలు లేవు, మొదటి పేజీలు లేవు, అంచులన్నీ నలిగి పసుపు మరకలతో ఉన్నాయి. మిగిలిన రెండూ తళతళలాడుతున్నాయి. లోపల 'ప్రథమ ముద్రణ' అని నిరుటి సంవత్సరం వేసి ఉంది. ఇంక పరిశోధన దేనికి? చిరిగినవి తొలి నవలలు, మెరిసేవి మలి నవలలు. ఒక్క నిమిషంలో తేల్చేశాను.

కథల్ని బట్టి కాలం పట్టుకుందామన్నా కుదరదు. అంకుల్ ఏ నవలలోకీ సెల్‌ఫోను రానివ్వరు. "ఫోనుంటే దయ్యం గుమ్మం దాటేలోపే వాళ్ల అన్నయ్యకి చెప్పేస్తారు. ఇంక నేనేం రాసేది?" అనేవారు. అందుకని అన్నిట్లోనూ అదే జట్కాబండి, అదే లాంతరు.

ఆఫీసుకు వెళ్తూ వస్తూ మెట్రోలో చదివాను. మెరిసే వాటిలో ఒకటి 'కపాలాల కాపురం', రెండోది 'శవానికి సారె'. పేజీకి రెండు బిందెల రక్తం. ఎవరో ఒకరు కెవ్వుమనకుండా పేరా ముగియదు. ఒకదాంట్లో హీరో పేరు సగం దాకా రమణ, ఆ తర్వాత రఘు. చిరిగిన వాటిలో మొదటిది 'ఆరని చీర'. మండువేసవిలో దండెం మీద వేసిన చీర ఎన్నాళ్లయినా ఆరదు. అంతే, రక్తం లేదు, కేక లేదు. అది చదువుతూ దిగాల్సిన స్టేషను దాటి, లైను చివరిదాకా వెళ్లిపోయాను. రెండోది 'నాలుగో కుర్చీ'. దాన్ని జనం మధ్యలోనే చదవాలని నిర్ణయించుకున్నాను.

మధ్యలో ఆంటీ ఫోన్ చేశారు. "తేడా తెలుస్తోందా బాబూ?"

"కొట్టొచ్చినట్టు తెలుస్తోందాంటీ. మీరు బట్టలు సర్దుకోండి."

ఇంత ధీమాగా మాట్లాడిన మనిషికి, డెబ్భై ఏళ్ల రచయిత తొలి నవలలు నిరుడు అచ్చయిన పుస్తకం రూపంలో కూడా దొరకవచ్చన్న ఆలోచన రాలేదు. కొత్త ప్రచురణకర్త పాత నవలని తాను మొదటిసారి వేస్తూ, దర్జాగా 'ప్రథమ ముద్రణ' అనే వేసుకుంటాడట. ఇక 'ఈమధ్యవి' ఎందుకు చిరిగాయంటే, జనక్‌పురిలో ఉన్న తెలుగు ఆంటీలందరి వంటిళ్లూ తిరిగి వచ్చాయి గనక. పుస్తకం నలిగేది వయసుతో మాత్రమే కాదని నాకు తెలియదు. నేను చదివేవన్నీ ఫోనులోనే, అవి నలగవు.

సభ ఆదివారం పొద్దున. హాలు నిండింది. వేదిక మీద అంకుల్ మఫ్లరుతో, శాలువాతో, దండతో ఊపిరాడక కూర్చున్నారు. మొదటి వరుసలో ఆంటీ. ఆవిడ కళ్లతోనే 'కానీ' అన్నారు. నేను విజృంభించాను.

"కామేశ్వరరావు గారి తొలి నవలల్లో ఒక యువకుడి తెగువ ఉంది. 'ఆరని చీర' చూడండి! దయ్యాన్ని చూపించకుండానే చెమటలు పట్టించారు. ఎంత పొదుపు! ఎంత నమ్మకం! అది పాతికేళ్ల వయసుకే సాధ్యం!"

హాల్లో చిన్న కలకలం. మెచ్చుకోలు అనుకున్నాను. ఆంటీ తల అడ్డంగా ఊపుతున్నారు. పరవశం అనుకున్నాను.

"మరి మలి నవలలకి ఏమైంది? క్షమించాలి, చెప్పక తప్పదు. 'శవానికి సారె'లో అలసట కనిపిస్తోంది. భయపెట్టే శక్తి తగ్గి, రక్తం పెంచారు. 'కపాలాల కాపురం'లో వార్ధక్యం స్పష్టం. హీరో పేరే మర్చిపోయారు! ఈ వయసులో అది సహజం."

మూడో వరుసలో సోమయాజులు గారు లేచారు. రిటైర్డ్ అండర్ సెక్రటరీ, అంకుల్‌కి మొట్టమొదటి అభిమాని.

"ఏవయ్యా! 'కపాలాల కాపురం' వచ్చినప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను!"

ఇక్కడ తెలివున్నవాడు మంచినీళ్లు తాగి కూర్చుంటాడు. నేను వాదించాను.

"అది వేరే అయి ఉంటుందండీ. ఇది నిరుటిది. ప్రథమ ముద్రణ."

"వేరేదేవిటి? అందులో కపాలాలు పెళ్లాడతాయా, లేదా?"

"పెళ్లాడతాయండి."

"తాళి ఎక్కడ కట్టాలో తెలీక పురోహితుడు మూర్ఛపోతాడా?"

"పోతాడండి."

"అదే ఇది! 'ఆరని చీర' ఆయన రాసి నాలుగేళ్లు కూడా కాలేదు!"

హాలు గొల్లుమంది. లెక్క మెల్లగా బుర్రకెక్కింది. ఎత్తాల్సిన వాటిని తొక్కాను. తొక్కాల్సిన వాటిని ఆకాశానికెత్తాను. అదీ ఆంటీ ముందర. ఆవిడ మొహం వైపు చూసే ధైర్యం లేక బ్యానరు వైపు చూశాను.

అప్పుడు అంకుల్ లేచారు. దండ తీసేసి, మైకు అందుకున్నారు.

"సోమయాజులూ, కూర్చో. ముప్ఫై ఏళ్లుగా కనిపించిన ప్రతివాడూ మొదట్లో బాగా రాసేవారండీ అంటున్నాడు. అదే నిజమనుకున్నాను. ఇవాళ ఈ కుర్రాడు ఏది ముందో ఏది వెనకో తెలీకుండా చదివి, నిన్నగాక మొన్న రాసింది పాతికేళ్లవాడు రాశాడనుకున్నాడు. ఇంతకంటే ఏం కావాలి నాకు?"

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజం చెబుతున్నాను, అంత సిగ్గులోనూ నాకు సంతోషం వేసింది. ఆ రెండు పుస్తకాలూ నాకు నిజంగానే నచ్చాయి మరి. ఆయన జేబులోంచి కాగితం తీసి నాలుగు ముక్కలు చేశారు.

"ఇవాళే కొత్త నవల మొదలుపెడుతున్నాను!"

హాలంతా చప్పట్లు. మొదటి వరుసలో ఒక జత చేతులు మాత్రం ఒళ్లో కదలకుండా ఉన్నాయి.

మెట్ల దగ్గర ఆంటీ నన్ను పట్టుకున్నారు.

"ఆంటీ, నేను..."

"బస్సు ఎల్లుండి."

"తెలుసాంటీ. ఎంత పొరపాటు చేశానో..."

"నేనెక్కుతున్నా."

"మరి అంకుల్?"

"నువ్వున్నావుగా. మీ ఆఫీసు పని ఇంట్లోంచి చేసుకోవచ్చన్నావు కదా? ఠీక్ హై. పది రోజులు మా ఇంట్లోంచి చేసుకో."

అలా లాప్‌టాప్‌తో, బ్యాగుతో జనక్‌పురి చేరాను. పొద్దున పదకొండింటికి మా టీమ్ మీటింగూ, అంకుల్ స్నానమూ ఒకేసారి. లాప్‌టాప్ పట్టుకుని బాత్రూమ్ తలుపు దగ్గర నిలబడేవాణ్ణి. లోపల్నుంచి "ఉన్నావా?" అని పిలుపు. "ఉన్నానంకుల్!" అని నా కేక. మూడోసారికి మా మేనేజరు హిందీలో అడిగాడు. "భయ్యా, నువ్వున్నావని మా అందరికీ తెలుసు. ఎందుకు ఊరికే గుర్తుచేస్తున్నావు?"

అసలు కష్టం అది కాదు. ఆయన రాసిన పేజీలు రాసినట్టు నాకు చదివి వినిపించేవారు. సభలో అంత పొగిడినవాణ్ణి, వద్దని ఎలా అంటాను? కొత్త కథ ఇది. ఒకాయన స్నానం చేస్తూ భయం వేసి "ఉన్నావా?" అంటాడు. బయట్నుంచి భార్య గొంతు "ఉన్నా" అంటుంది. ఆయన స్థిమితంగా స్నానం ముగించి బయటికొస్తాడు. ఎవరూ ఉండరు. భార్య బజారుకెళ్లి అప్పటికి గంటయింది. వీధి తలుపుకి బయట్నుంచి తాళం.

నేను పాలిపోవడం చూసి అంకుల్ మొహం వెలిగిపోయింది. "భయమేసిందా? నిజంగా? ఎంత?" అని అడిగి అడిగి సంతోషించారు. ఏం మాయో గానీ, ఆయన భయమంతా దిగి నాకెక్కింది. మర్నాటి నుంచి ఆయన గడియ కూడా పెట్టుకోకుండా, పద్యాలు పాడుకుంటూ స్నానం చేయడం మొదలుపెట్టారు.

ఎనిమిదో రోజు రిషీకేశ్ నుంచి ఆంటీ ఫోన్ చేశారు. ఆవిడ గొంతు ఇరవై ఏళ్లు చిన్నదైపోయింది.

"ఎలా ఉన్నారయ్యా ఆయన? స్నానాలు సరిగ్గా చేస్తున్నారా?"

"రెండు పూటలా చేస్తున్నారాంటీ. పాటలు కూడా. మీరెప్పుడొస్తారు?"

"ఎందుకూ?"

"నేను చేసి నాలుగు రోజులైంది."

"ఆయన్ని తలుపు బయట నించోమనకపోయావా?"

"నించున్నారాంటీ. ఉన్నారా అంటే, 'ఉన్నా' అని కూడా అన్నారు."

"మరింకేం?"

"ఆ అన్నది ఆయనేనని నాకెలా తెలుస్తుందాంటీ?"

అవతల ముందు ఒక దగ్గు. తర్వాత నవ్వు. ఆవిడ అలా నవ్వగా నేను ఎప్పుడూ వినలేదు. నవ్వు ఆపుకుని, "అయితే ఆయనకి నా అవసరం లేదన్నమాట. వీళ్లంతా బదరీనాథ్ కూడా వెళ్దామంటున్నారు బాబూ. ఇంకో వారం ఉండు" అని పెట్టేశారు.

కనుక పాఠకులారా, జనక్‌పురి తెలుగువారి సాక్షిగా, రెండు చేతులూ జోడించి, మనస్ఫూర్తిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఏ రచయిత ఏది ముందు రాశారో, ఏది వెనక రాశారో, ఎప్పుడు బాగా రాశారో ఈ నోటితో అననుగాక అనను. ఎవరైనా బలవంతపెడితే, అన్నీ సమానంగా గొప్పవేనని చెప్పి, పులిహోర వరుస ఎటువైపో అడిగి అటు వెళ్లిపోతాను.