చెలువమ్మ మానేసిన ఆసనం

మా మైసూరులో యోగా నేర్పేవాళ్ళకు కొదవ లేదు. వాళ్ళలో చెలువమ్మ పేరు మా వీధి దాటి ఎవరికీ తెలియదు. పట్టు మిల్లులో మగ్గం దగ్గర ఇరవై ఆరేళ్ళు నిలబడి పనిచేసిన మనిషి. నడుము పట్టేస్తే ఒక మాస్టారి దగ్గర చేరింది. నడుము బాగయ్యాక కూడా మానలేదు. రిటైరయ్యాక భజన మందిరంలో పొద్దున ఆరింటికి మా పదిమందికి నేర్పడం మొదలుపెట్టింది.

పాఠం చివర శవాసనం: వెల్లకిలా, కాళ్ళు ఎడంగా, అరచేతులు పైకి. "చచ్చినట్టు పడుకోండి, గురకలు పెట్టకండి" అనేది. ఐదు నిమిషాలయ్యాక కుడి పక్కకు తిరిగి, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, కాసేపుండి లేవాలి. తల్లి కడుపులో ఉన్నట్టు ఉండి లేవమని, రోజూ ఒకసారి పుట్టినట్టేనని వాళ్ళ మాస్టారు అన్న మాట మాకు అప్పజెప్పేది. ఆ వేళకు మాకు కాఫీ మీదే ధ్యాస.

కిందటి ఆషాఢంలో, ఆవిడ ఇక్కడ పాఠం చెబుతుండగానే ఇంట్లో ఆవిడ భర్త మాదప్ప గుండె ఆగి పోయాడు. కబురు విని అందరం పరుగెత్తాం. అప్పటికే ఇరుగుపొరుగు వాళ్ళు ఆయన్ని నేల మీద పడుకోబెట్టారు. చేతికందిందని వాళ్ళు పరిచింది, చెలువమ్మ ఇంట్లో ఆసనాలు వేసుకునే జంపఖానా. కాళ్ళు కాస్త ఎడంగా, అరచేతులు పైకి తిరిగి ఉన్నాయి. ఆవిడ గుమ్మంలోనే ఆగి చూసింది. తర్వాత దగ్గరికెళ్ళి వంగి ఆయన అరచేతులు రెండూ బోర్లించింది.

నెల తిరిగాక మళ్ళీ పాఠాలు మొదలుపెట్టింది. అన్నీ చేయించేది. చివర మాత్రం శవాసనం వేయించకుండా కూర్చోబెట్టి, నమస్కారం పెట్టించి పంపేసేది. తమలపాకుల వ్యాపారి తిమ్మశెట్టి ఒకనాడు ఉండబట్టలేకపోయాడు.

"అక్కా, విందంతా వడ్డించి మజ్జిగన్నం వేళకు విస్తరి లాగేస్తున్నారు."

"ఇంట్లో మంచం లేదా శెట్టీ? పోయి పడుకో."

"అక్కడ మా ఆవిడ చావనివ్వదక్కా. పాలు తెమ్మంటుంది."

అందరం నవ్వాం. ఆవిడ చాప చుట్టుకుని వెళ్ళిపోయింది. తన మాట ఎక్కడ తగిలిందో అప్పుడు తెలిసి శెట్టి తల దించుకున్నాడు.

దసరా అప్పుడు ఇంచర అనే అమ్మాయి చేరింది. ఆరో నెల. డాక్టరు తేలికైనవి చేయొచ్చన్నాడట. నాలుగు ఆసనాలు వేసేసరికే ఆయాసపడేది. ఒకరోజు పాఠం మధ్యలోనే కూలబడింది.

"ఇక నా వల్ల కాదు ఆంటీ. పడుకుంటా."

"వెల్లకిలా వద్దు. ఎడమ పక్కకు తిరుగు." చెలువమ్మ దాని మోకాళ్ళ మధ్య దిండు పెట్టింది.

"కడుపులోదీ ఇలాగే ముడుచుకుని ఉంటుంది కదా. ఎవర్ని చూసి ఎవరు నేర్చుకున్నామో." ఇంచర నవ్వింది. "మీరూ పడుకోండి ఆంటీ. ఇందరిలో నేనొక్కదాన్నే పడుకోవాలంటే సిగ్గుగా ఉంది."

చెలువమ్మ ఒక్క క్షణం తటపటాయించి, దాని పక్కనే అటే తిరిగి ముడుచుకుంది. కాసేపటికి ఆవిడ భుజాలు అదరడం మాకు కనబడింది. ఆవిడ లేచి కొంగుతో మొహం తుడుచుకుని, మిగిలిన పాఠం చెప్పింది.

అది మొదలు రోజూ చివర్లో ఆ పిల్ల పక్కన పడుకునేది. దీపావళి వెళ్ళిన వారం, అలా పడుకున్న మనిషి మెల్లగా వెల్లకిలా తిరిగింది. కాళ్ళు చాపింది. అరచేతులు పైకే ఉంచింది. ఎవరూ చెప్పకుండానే మేమంతా పడుకున్నాం. అందరికంటే ముందు శెట్టి.

ఇంటికి పోయే దారిలో చెలువమ్మ నాతో అంది: "మాస్టారు ముందు చావు, తర్వాత పుట్టుక అని నేర్పాడు. నాకు తిరగేసి వచ్చింది."

"ఎలా వస్తేనేం లెండి" అన్నాను.

"అవును. వచ్చింది కదా."

పుష్యంలో ఇంచరకు ఆడపిల్ల పుట్టింది. హుణసూరులో పుట్టింట్లో మూడు నెలలుండి, పిల్లనెత్తుకుని మందిరానికి వచ్చింది. వంగితే వేళ్ళు మోకాళ్ళు దాటలేదు.

"మళ్ళీ మొదటి నుంచా ఆంటీ?"

"మొదటి నుంచే. పాదాలు దగ్గరపెట్టి నిలబడు."

ఆ పూటంతా పాప నా ఒళ్ళోనే ఉంది.