వాసవి రాయని మలుపు

దయ్యాల మాటెత్తితే నవ్వేదాన్ని. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు పనిచేశాను. జీడిపిక్కలు కాల్చే గదిలో ఎవరో నిలబడి ఉంటారని తోటి ఆడవాళ్ళు అక్కడికి ఒంటరిగా వెళ్ళేవారు కాదు. నేను వెళ్ళి, అక్కడే కూర్చుని అన్నం తినేదాన్ని. ఇప్పటికీ దయ్యాలను నమ్మను. నాకు జరిగినదాంట్లో దయ్యం లేదు. ఒక నోట్‌బుక్కు, నేను, నా కోడలు వాసవి, అంతే.

నాలుగేళ్ళ క్రితం మా అబ్బాయి రమణ నన్ను సింగపూర్ తీసుకొచ్చాడు. టాంపినీస్‌లో తొమ్మిదో అంతస్తు ఫ్లాటు. అప్పటికి నాకు అరవై ఒకటి. వేలిముద్రే తప్ప సంతకం రాదు. ఒకరోజు వేరే బస్సెక్కి, ఎక్కడో దిగి, సాయంత్రం దాకా తిరిగాను. ఇంటికొచ్చాక రమణ అరిచాడు. వాసవి అరవలేదు. మర్నాటి నుంచి ఆఫీసు కాగానే అరగంట నా పక్కన కూర్చుని అక్షరాలు చెప్పడం మొదలుపెట్టింది. జీడినూనెకు కాలి కాలి నా వేళ్ళు వంకరపోయాయి, పెన్ను నిలవదు. "రాయడం తర్వాత చూద్దాం అత్తయ్యా, ముందు చదవండి" అంది.

వాసవికి సైకిలంటే ప్రాణం. సన్న టైర్ల సైకిల్, ఒంటి చేత్తో ఎత్తేయొచ్చు. ఆదివారం తెల్లారకముందే చాంగీ వైపు వెళ్ళి ఎనిమిదింటికల్లా వచ్చేసేది. "ఈ ఊళ్ళో కొండలేవి అత్తయ్యా? ఫ్లైఓవర్లే మా కొండలు" అని నవ్వేది. ఆమెకు స్కాట్లాండ్‌లో ఒక దారి కావాలి. ఎడిన్‌బరో నుంచి కాలువ గట్టు వెంట పోయి, తర్వాత ఉత్తరాన కొండలెక్కే దారి. రెండేళ్ళుగా ఫోన్లో వీడియోలు చూస్తూ ఒక్కో మలుపూ నోట్‌బుక్కులో రాసుకునేది. నాకోసం తెలుగులో, పెద్ద పెద్ద అక్షరాలతో రాసేది. ఇంట్లో వేరే తెలుగు పుస్తకం లేదు. అదే నా వాచకం.

"కాలువను వదలకు. వంతెన కింద తల వంచు. గేటు దగ్గర దిగి నడువు."

కాలువ, వంతెన, గేటు. నేను కూడబలుక్కున్న మొదటి మాటలివి.

ఆమె నాకు చేసిన మేలు ఇది. నేను చేసింది కూడా రాయాలి.

వాళ్ళకు పెళ్ళయి అప్పటికి ఆరేళ్ళు, పిల్లల్లేరు. సైకిల్ సీటు మీద కూర్చుంటే కడుపు నిలవదని నా నమ్మకం. ఇంటికి ఎవరొచ్చినా వాళ్ళ ముందే అనేదాన్ని, "ఆ సీటుకున్న అదృష్టం మా ఇంట్లో ఉయ్యాలకి నేదమ్మా" అని. వాసవి వాళ్ళకు టీ ఇచ్చి లోపలికి వెళ్ళిపోయేది.

కిందటేడు ఆఫీసు పని మీద వారం రోజులు లండన్ వెళ్ళాలని చెప్పింది. ఏ తేదీల్లోనో కూడా చెప్పింది. ఆ సాయంత్రం నోట్‌బుక్కు తిప్పుతుంటే 'మొదటి రోజు' అన్న మాట పక్కన ఒక తేదీ కనిపించింది. లండన్‌లో ఉంటానన్న వారంలోదే ఆ తేదీ. అంకెలు నాకు ముందునుంచీ వచ్చు. తర్వాత వాసవి నోట్‌బుక్కు తీసుకుని మూడో రోజు దారి రాసుకుంటోంది. భోజనానికి పిలిచాను. పెన్ను మూసి లేచి వచ్చింది.

"ఒరే రమణా, మీ ఆవిడి ఆఫీసు లండన్లో నేదురా. కాలవ గట్టు మీదున్నాది" అన్నాను. నా హాస్యానికి నేనే నవ్వాను.

రమణ నోట్‌బుక్కు తెప్పించుకుని పేజీలు తిప్పాడు. "డాక్టర్ దగ్గరికి వెళ్దామంటే లీవు లేదంటావు. గొర్రెల్ని చూడ్డానికుంటుందా లీవు?" అన్నాడు. టికెట్ క్యాన్సిల్ అయింది. మర్నాడు సాయంత్రం ఎవరో వచ్చి సైకిల్ కొనుక్కుపోయాడు. అది ఎక్కించేదాకా లిఫ్టు తలుపు మూసుకోకుండా బటన్ నొక్కి పట్టుకున్నది వాసవే.

తిరిగొచ్చి నా ముందు నిలబడింది. "చదివేశారన్నమాట. ఒత్తులు కూడా కూడబలుక్కున్నారా అత్తయ్యా?"

"ఆఁ" అన్నాను, గర్వంగానే.

ఆ తర్వాత పాఠాలు లేవు. నోట్‌బుక్కు నా దగ్గరే ఉండిపోయింది.

ఆమె కాలువ గట్టు మీద బయల్దేరాల్సిన సోమవారం వచ్చింది. ఇద్దరూ ఆఫీసుకు వెళ్ళారు. చదివి చాలా రోజులైంది, అక్షరాలు జారిపోతున్నాయని నా భయం. ఉదయం పదింటికి వంటింటి కిటికీ పక్కన కూర్చుని, వేలు పెట్టి పైకే చదివాను. "మొదటి రోజు. కాలువ గట్టు ఎక్కు."

పాదాలు చల్లబడ్డాయి. తడి గడ్డి వాసన వచ్చింది. బయట ఎండ కాస్తోంది, ఎదుటి బ్లాకులో వెదురు గడల మీద బట్టలు ఆరుతున్నాయి. కళ్ళకు అదే కనిపిస్తోంది. అరికాళ్ళ కింద మాత్రం గులకరాళ్ళు కదులుతున్నాయి. మాట తేలిగ్గా వస్తే ముందుకు జరుగుతున్నాను. ఒత్తు దగ్గర ఆగితే ఆగుతున్నాను.

పేజీ అయ్యాక లేచి చూసుకున్నాను. చీర కుచ్చిళ్ళు జానెడు మేర తడిసి ఉన్నాయి. టిష్యూతో తుడిస్తే ఆకుపచ్చ రంగు అంటింది. వంటింటి నేల పొడిగా ఉంది. చేత్తో తడిమి రెండుసార్లు చూశాను.

చలి పోలేదు. మధ్యాహ్నం కింద తిండికొట్లుండే హాకర్ సెంటర్‌కి వెళ్ళి, ఎండలో కూర్చుని వేడి కాఫీ తాగినా పోలేదు. అప్పుడు తట్టింది. ఆ పేజీ నన్ను ఎక్కడ దింపిందో నేనక్కడే ఉన్నాను. బయటపడాలంటే ముందుకు చదవాలి.

మంగళవారం రెండో రోజు చదివాను. "సొరంగంలో దిగి నడువు. పైనుంచి నీళ్ళు పడతాయి." మాడు మీద చుక్కలు పడ్డాయి. నా గొంతు గోడలకు తగిలి నా దగ్గరికే తిరిగొచ్చింది. సాయంత్రానికి కాలివేళ్ళు ఎర్రబడ్డాయి.

బుధవారం మూడో రోజు. "కొండ మొదలు. ఆగకు." నాలుగు మెట్లెక్కలేని మోకాళ్ళు నావి. ఆ పేజీ చదవడానికి గంటకు పైగా పట్టింది, గుండె దడదడలాడింది. చివరి వాక్యాలు ఇవి. "పైన గేటు దాటు. దారి రెండుగా చీలుతుంది. అక్కడ"

ఆపైన తెల్ల కాగితం. భోజనానికి నేను పిలిచినప్పుడు ఆమె పెన్ను మూసింది అక్కడే.

వెనక్కి, మూడో రోజు నుంచి మొదటి రోజుకు చదివి చూశాను. ప్రయోజనం లేకపోయింది.

వారానికి కాలివేళ్ళు ఊదారంగుకు తిరిగాయి, ఒకటే దురద. రమణ పాలీక్లినిక్‌కు తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ చూసి, ఈమె ఏ చలిదేశం నుంచి వచ్చిందని అడిగింది. ఎక్కడికీ వెళ్ళలేదు, ఇంట్లోనే ఉంటుందన్నాడు రమణ. ఇలాంటివి చలికి వస్తాయి, ఇక్కడివాళ్ళకు రాగా నేను చూడలేదు అందట. ఆయింట్‌మెంటూ, ఉన్ని మేజోళ్ళూ రాసింది. ఈ ఊళ్ళో ఉన్ని మేజోళ్ళేంటని లిఫ్టులో అందరూ నా కాళ్ళవైపే చూస్తారు.

నెల ఓర్చుకుని వాసవికి చెప్పాను. బట్టలు మడతపెడుతోంది. వెక్కిరించలేదు.

"ఇప్పుడేం కనపడుతోంది?" అంది.

"కళ్ళు మూస్తే మంచు. ఇనప గేటు, కిందన కమ్మీ ఒంగిపోనాది. పక్కన రాతి తొట్టి. మెడ మీద నీలం రంగు పూసిన గొర్రొకటి."

ఫోన్ తీసి చాలాసేపు వెతికింది. తర్వాత నావైపు తిప్పింది. అదే గేటు. ఒంగిన కమ్మీ, రాతి తొట్టి. గొర్రె మాత్రం లేదు.

"ఇవేవీ నేను నోట్సులో రాయలేదు. ఈ వీడియో మీకెప్పుడూ చూపించలేదు" అంది మెల్లగా.

"అక్కణ్ణించి ఎటమ్మా? నీకు తెలుసా?"

"తెలుసు."

"రాసెట్టమ్మా. నీకు పుణ్యముంటాది."

ఫోన్ బ్యాగులో పెట్టేసింది. "చదవడం వచ్చింది కదా అత్తయ్యా. రాయడం కూడా మీరే నేర్చుకోండి" అని మిగిలిన బట్టలు మడతపెట్టుకుంది.

వాసవి మళ్ళీ సైకిల్ కొనలేదు. అదే ఫ్లాటు, అదే ఆఫీసు. రోజూ నాకు అన్నం వడ్డిస్తుంది. వడ్డిస్తూ "చలిగా ఉందా అత్తయ్యా?" అని అడుగుతుంది. రమణ అది ప్రేమ అనుకుంటాడు.

వంకర వేళ్ళకు గుడ్డతో పెన్ను కట్టుకుని, పదకొండు నెలల్లో రాయడం నేర్చుకున్నాను. మొదట రాసింది ఆమె వాక్యం కిందే. "ఎడమకు తిరుగు. ఇంటికి రా." పైకి చదివాను. ఏమీ జరగలేదు. "కుడికి తిరుగు" అని రాశాను. దానికీ ఏమీ కాలేదు. నేను రాసిన మాట నన్ను కదపడం లేదు. ఆమె రాసింది ఎలా కదిపిందో నాకు తెలియదు. డాక్టరమ్మ చెప్పలేకపోయింది. రమణ వయసంటాడు.

ఇదంతా రాసేసరికి మళ్ళీ మధ్యాహ్నమైంది. బయట ఎండ మండిపోతోంది. మేజోళ్ళు రెండు జతలు వేసుకున్నాను. గొర్రె నావైపే చూస్తోంది.