బెంగళూరు నుంచి తాళం వేసే పెద్దాయన

మా కారు ఆదోనికి లారీ ఎక్కి వచ్చింది. కరెంటుతో నడిచే కారును డీజిల్ లారీ మీద మోసుకొచ్చారు. మా ఆయన దాన్ని బెంగళూరులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ఒక్క చార్జింగుతో అంత దూరం రాదు. దారిలో ఎక్కడ చార్జింగ్ పెట్టుకోవాలో తెలియదు. అన్నిటికీ మించి ఆయనకు డ్రైవింగ్ రాదు. అందుకని పత్తి బేళ్లు దించేసి ఖాళీగా తిరిగొస్తున్న లారీని మాట్లాడుకున్నాడు.

అక్కడ ఎలా ఎక్కించారో గానీ ఇక్కడ దించడం ఎవరికీ చేతకాలేదు. చివరికి పత్తి మార్కెట్ యార్డులో లారీ ఎత్తుకు సరిపోయే అరుగు కనపడితే దాని మీదికి దించారు. పత్తి అమ్ముకోవడానికి వచ్చిన రైతులు చుట్టూ మూగారు. ఆలూరు నుంచి వచ్చిన ఒకాయన కారు బానెట్ మీద చెయ్యి వేసి, "ఏం రేటు పలికిందప్పా?" అని అడిగాడు. మా ఆయన, "ఇది అమ్మేది కాదన్నా, తెచ్చుకున్నేది" అన్నాడు. "తెచ్చుకున్నేదాన్ని యార్డులో ఎందుకు పెట్టినావు మల్ల?" అని ఆయన కోప్పడ్డాడు.

నేను ఎమ్మిగనూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సుని. ఇల్లు ఆదోనిలో. ఏళ్ల తరబడి బస్సులో తిరిగి తిరిగి నడుము పడిపోయిందని నేను రోజూ అంటుంటే, జిరాక్సు షాపు పెట్టుకున్న మా ఆయన విని విని కారు తెచ్చాడు. డ్రైవింగ్ మా ఆస్పత్రి అంబులెన్సు డ్రైవరు దగ్గర నేర్చుకున్నాను. అందువల్ల మొదట్లో రోడ్డు మీద ఎవరైనా నాకు దారి ఇవ్వకపోతే ఆశ్చర్యంగా ఉండేది.

మేముండేది మేడ మీద అద్దె వాటాలో. కింద ఇంటావిడ ఉంటుంది. కారుకు కావలసిన పెద్ద ప్లగ్ పాయింటు మా వాటాలో ఒక్కటే ఉంది, అది బాత్రూంలో గీజరుది. ఆ పాయింటు నుంచి వైరును వెంటిలేటరులోంచి బయటికి తీసి, గోడ వెంబడి సందులోకి దించాం. కారుకు చార్జింగ్ పెట్టిన పూట మాకు వేన్నీళ్లు లేవు. వేన్నీళ్లు పోసుకున్న పూట కారుకు చార్జింగ్ లేదు. ఇంట్లో ఎవరికైనా జలుబు చేస్తే నేను బస్సులో వెళ్లేదాన్ని.

వారం తిరగకముందే ఇంటావిడ ఆ వైరు మీద చీరలు ఆరేయడం మొదలుపెట్టింది. కరెంటు వైరు, ప్రమాదం అని ఎంత చెప్పినా వినలేదు.

"లావుగుండాది సిస్టరమ్మా, క్లిప్పులు పెట్టకున్నా జారవు. దీన్ని తీసేస్తే నా సీరలు యాడ ఆరేసుకునేది?" అంది.

నిజానికి ఆవిడ చీరలు ఆరేదాకా నేను వైరు తీయలేక కారు ఎక్కువసేపు చార్జింగులో ఉండిపోయేది. అలాంటి ఒక ఆదివారం మొదటిసారి ఫోన్ వచ్చింది.

"అమ్మా, తొంబై దాటింది. తీసెయ్యమ్మా. రోజూ నిండా పెడితే బ్యాటరీ పాడైపోతుంది."

ఎవరండీ అని అడిగాను.

"నేనమ్మా, కారు ఓనరు."

ఓనరుని నేను కదా అనుకున్నాను. అప్పుడు అర్థమైంది. ఈయన మాకు కారు అమ్మిన బెంగళూరు పెద్దాయన. కంటిలో శుక్లాలు వచ్చి చూపు మందగిస్తే, ఆయన కూతురు ఇక నడపొద్దని పట్టుబట్టి కారు అమ్మించింది. కొనేటప్పుడు మా ఆయన మాట్లాడింది కూడా ఆ కూతురితోనే. పెద్దాయన ఆ రోజు గదిలోంచి బయటికే రాలేదట.

ఏదో పెద్దవాళ్లు, అనుభవంతో అంటున్నారు అనుకుని వైరు తీసేశాను. తొంబై దాటిందని ఆయనకెలా తెలిసిందో అప్పుడు నాకు తట్టలేదు.

తట్టింది మా ఆయనకు, అదీ తినే విషయంలో. ఎమ్మిగనూరు నుంచి వచ్చేటప్పుడు, పెద్దకడుబూరు దారి చీలే చోట ఒక చిన్న హోటలు ఉంది. ఒకామె ఉగ్గాని, బజ్జీలు చేస్తుంది. డ్యూటీ దిగి వస్తూ అక్కడ ఆగి తినేసి, ఇంటికొచ్చి ఆకలి లేదనేదాన్ని. ఒకరోజు మా ఆయన ఫోను పట్టుకుని నా ముందు నిలబడ్డాడు.

"ఆ బెంగళూరాయన చేసినాడు. కారు రోజూ దోవలో అరగంట నిలబడతాందంట. రిపేరేమో చూపించండి అంటాడు. యాడ నిలబడతాండావు నువ్వు?"

బజ్జీల సంగతి చెప్పక తప్పలేదు. తనకు కూడా కట్టించుకు రాలేదని మా ఆయన రెండు రోజులు ముభావంగా ఉన్నాడు.

విషయం ఏమిటంటే, ఆ కారును ఫోనులోంచి చూసుకునే యాప్ ఇంకా పెద్దాయన పేరు మీదే ఉంది. కారు ఎక్కడుందో, చార్జింగ్ ఎంతుందో, తలుపుకు తాళం పడిందో లేదో అన్నీ ఆయనకు కనపడతాయి. తాళం వేయొచ్చు, తీయొచ్చు, ఏసీ కూడా వేయొచ్చు. అమ్మిన రోజు దాన్ని తీసేయాలని ఆ కూతురికి తెలియదు, అలాంటిది ఒకటుందని మాకు తెలియదు. తెలిసిన ఒక్క మనిషి ఎవరికీ చెప్పలేదు.

ఆయన్ని అడగాలంటే మొహమాటంగా ఉండేది. నా డ్యూటీ అంతా పక్కవాళ్ల నాడి, జ్వరం చూసి రాసుకోవడమే కదా, ఈయన కారుకు అదే చేస్తున్నాడు అనిపించేది. రేపు మాపు అనుకుంటూ ఊరుకున్నాను. ఎండాకాలం వచ్చింది.

ఒక మధ్యాహ్నం మా ఆస్పత్రి ఆవరణలో, వేపచెట్టు కింద పెట్టిన కారు దానంతట అదే ఏసీ వేసుకుంది. లోపల కొలిమిలా కాగిపోతోందని యాప్‌లో చూసి పెద్దాయన వేశాడు. బ్యాటరీకి వేడి మంచిది కాదట. ఆ రోజు హడావిడిలో నేను తాళం వేయడం మరిచాను. తుగ్గలి వైపు నుంచి కాన్పు కోసం వచ్చిన అమ్మాయికి తోడుగా వచ్చిన ముగ్గురు ఆడవాళ్లు చెట్టు కింద కూర్చుని ఉన్నారు. కారులోంచి చల్లగాలి చప్పుడు విన్నారు. తలుపు లాగితే వచ్చింది. ఆస్పత్రి వాళ్లు కూర్చోవడానికే పెట్టారనుకుని, వేరుశనక్కాయల సంచీతో సహా ఎక్కి కూర్చున్నారు.

తాళం లేదని బెంగళూరులో పెద్దాయన చూసుకున్నాడు. వేశాడు.

వాచ్‌మెన్ పరుగెత్తుకొచ్చి నన్ను పిలిచాడు. నేను వెళ్లేసరికి ఆవరణలో సగం ఆస్పత్రి ఉంది. సెలైను సీసా చేత్తో పట్టుకుని ఒక పేషెంటు కూడా వచ్చాడు. లోపలి ముగ్గురికీ తలుపు ఎలా తీయాలో తెలియదు. నా తాళం చెవి బటను నొక్కాను. టక్‌మని తాళం తెరుచుకుంది. తలుపు మీద చెయ్యి వేసేలోపే టక్‌మని పడింది. మళ్లీ నొక్కాను, మళ్లీ పడింది. నేను నొక్కినప్పుడల్లా, ఎవరో దొంగ తాళం తీస్తున్నాడని పెద్దాయన అక్కడ నుంచి వేసేస్తున్నాడు. టక్, టక్, టక్, టక్.

"దీనికి గాలి సోకినట్టుండాది," అన్నాడు సెలైను పట్టుకున్న పేషెంటు.

నేను అద్దం మీద కొట్టి, "భయపడొద్దండీ, తీస్తా" అని అరిచాను. లోపలున్న పెద్దామె శనక్కాయ వొలుచుకుంటూ, "మాకేం బయం లేదమ్మా, సల్లగుండాది, నిదానంగా తీయి" అని అరిచింది.

పెద్దాయనకు ఫోన్ చేశాను. ఎంగేజ్. ఆయన నాకు చేస్తున్నాడు కాబట్టి ఎంగేజ్. నేను ఆయనకు చేస్తున్నాను కాబట్టి ఆయనకూ ఎంగేజ్. కాసేపు ఇద్దరం ఇలా ఒకరికొకరు అందకుండా ఉండి, ఆయన మా ఆయనకు చేశాడు. "మీ కారును దొంగలు తీసుకుపోతున్నారు, ఆస్పత్రి కాడ, జల్దీ పోండి" అన్నాడు. మా ఆయన షాపు షట్టరు లాగి, దారిన పోయే వాళ్ల బండెక్కి ఆదోని నుంచి బయలుదేరాడు. మధ్య దారిలో తెలివి వచ్చి ఆ కూతురికి ఫోన్ చేశాడు. ఆవిడ ఆఫీసులోంచి ఇంటికి పరుగెత్తి, తండ్రి చేతిలో ఫోను లాక్కుంది. అప్పుడు గానీ టక్ టక్ ఆగలేదు.

తలుపు తెరిస్తే ముగ్గురూ దిగారు. మూడో ఆమె నిద్రలో ఉంటే లేపి దించాల్సొచ్చింది. "రేపు కూడా పెడతారా?" అని అడిగింది.

అంతలో మా ఆయన వచ్చాడు. ఆయన వెనకే ఇంకో మోటారు సైకిలు మీద, ముక్కూ మొహం తెలియని ఒక మనిషి రొప్పుతూ వచ్చాడు. జిరాక్సు తీయమని ఇచ్చిన ఆయన ఆధార్ కార్డు మా ఆయన జేబులో ఉండిపోయిందట.

ఆ సాయంత్రం పెద్దాయన కూతురు ఎన్నిసార్లు క్షమాపణ చెప్పిందో. యాప్‌లోంచి తండ్రి పేరు తీసేద్దామంటే, ఫోనులో చేస్తే సరిపోదు, కారు దగ్గర నిలబడి చేయాలి అన్నాడట పెద్దాయన. అది అబద్ధమని ఆవిడకు తెలుసు, మాకూ తెలుసు. రమ్మన్నాం.

బెంగళూరు రైలు దిగి, చేతిలో ఒక సంచీతో వచ్చాడు. సంచీలో కారు షాంపూ, మెత్తటి గుడ్డలు ఉన్నాయి. నేను టీ పెడుతుంటే కారును చూసొస్తానని కిందికి వెళ్లాడు. కాసేపటికి గట్టిగా కేకలు వినపడ్డాయి.

"ఏమమ్మా ఇది? దీనికి పొగ గొట్టం ఎవరు పెట్టించినారు? బంగారంలాంటి బండిని ఏం చేసేసినారు?"

కిందికి చూస్తే, పక్కింటి వాళ్ల తెల్ల కారు వెనక వంగి సైలెన్సరు తడుముతున్నాడు. మా తెల్ల కారు నాలుగడుగుల దూరంలో, ఇంటావిడ చీరల వెనక ఉంది. ఇంటావిడ వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని, "అది కాదు పెద్దాయనా, నీ కారు ఈడుండాది" అని తీసుకెళ్లి, చీర పక్కకు జరిపి చూపించింది.

మా కారు దగ్గరికి వచ్చాక తలుపు తీసుకుని లోపలికి ఎక్కాడు. డ్రైవరు సీట్లో కూర్చుని స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు. తర్వాత దిగి, పక్క సీట్లో కూర్చుని, "స్వల్ప దూరం పోనీమ్మా" అన్నాడు. బజ్జీల హోటలు దాకా తీసుకెళ్లాను. దారి పొడుగునా బ్రేకు వేసినప్పుడల్లా, "యాక్సిలరేటరు మీది కాలు తీస్తే చాలమ్మా, అదే నిలబడుతుంది, దానికి తెలుసు" అంటూనే ఉన్నాడు. బజ్జీ తిని నీళ్లు తాగి, "రోజూ అరగంట నిలబడింది ఈడనేనా?" అన్నాడు. అవునన్నాను. "సరి, నిలబడొచ్చులే" అన్నాడు.

సాయంత్రం ఫోను నా చేతికిచ్చాడు. అక్షరాలు కనపడవు, నువ్వే తీసెయ్ అన్నాడు. తీసేశాను. యాప్‌ను నా పేరు మీదికి మార్చుకుని, ఆయన్ని రైలెక్కించి వచ్చాం.

ఆ తర్వాత ఫోన్లు లేవు. ప్రశాంతంగా ఉందనుకున్నాను. చార్జింగ్ గుర్తుచేసే వాళ్లు లేక, ఒకరోజు పెట్టకుండానే ఎమ్మిగనూరు వెళ్లాను. తిరుగు ప్రయాణంలో కారు ఆ హోటలు ముందే చచ్చి నిలబడింది. హోటలామెను బతిమాలితే గ్రైండరు పాయింటు ఇచ్చింది. కారు గ్రైండరు పాయింటులో ఉన్నంతసేపూ పచ్చడి రుబ్బడం ఆగిపోయింది. పచ్చడి లేకుండా బజ్జీ ఎవరు తింటారు? ఎవరు వచ్చి అడిగినా ఆమె చేత్తో కారు చూపించి, "లేదన్నా, అది తింటాంది" అని చెప్పింది. వాళ్లంతా నన్ను చూసుకుంటూ పోయారు.

అక్కడ కూర్చుని ఉండగా పెద్దాయనకు ఫోన్ చేయాలనిపించింది. చేశాను. కారు ఆగిపోయిందని చెప్పాను.

"నాకేం తెలుస్తుందమ్మా? నాకిప్పుడు ఏమీ కనపడదు కదా," అన్నాడు.

కోపం లేదు ఆ గొంతులో. నిజంగానే కనపడదని చెబుతున్నట్టు ఉంది. ఇంటికొచ్చి మా ఆయనతో అన్నాను. యాప్‌లో ఇంటివాళ్లను చేర్చుకునే వీలుందని ఆయన కనిపెట్టాడు. పెద్దాయన పేరు మళ్లీ చేర్చాం. అయితే చూడటం మటుకే, తాళం మీద హక్కు లేదు.

మర్నాటి నుంచి సాయంత్రం ఫోన్లు మొదలయ్యాయి. కొన్నాళ్లకు ఆయన కూతురు నాకు విడిగా చేసింది. "నాన్నకు బీపీ ఉంది. మాత్ర వేసుకోమంటే నా మాట వినరు. మీరు నర్సు కదా, ఒకసారి చెప్పండి" అంది. అప్పటి నుంచి ఆయన కారు లెక్క నాకు చెబుతాడు, నేను ఆయన లెక్క అడుగుతాను. ఇంట్లో మిషను పెట్టుకున్నాడు. చేతికి పట్టీ చుట్టుకుని చూసి చెబుతాడు.

ఈమధ్య ఒకరోజు నేను కూరగాయలకు వెళ్లి ఫోను ఇంట్లో మరిచాను. తిరిగొచ్చేసరికి సందు మొదట్లో మా ఆయన, ఇంటావిడ చేతులు అడ్డం పెట్టి నిలబడి ఉన్నారు. ఎవరినీ లోపలికి పోనివ్వడం లేదు. చీరలన్నీ ఇంటావిడ భుజం మీద ఉన్నాయి. వైరు తెగిన తాడులా గోడకు వేలాడుతోంది.

"పోవద్దు సిస్టరమ్మా, కారు నిండి పొర్లిపోతాందంట!" అంది ఇంటావిడ.

"ఆయన ఫోన్ చేసినాడే," అన్నాడు మా ఆయన, నుదురు తుడుచుకుంటూ. "నూట అరవై ఉండాది, అమ్మకు చెప్పు అన్నాడు. తొంబై దాటితేనే పాడైపోతాదని కదా అనేది? ఉరుక్కుంటా వచ్చి పీకేసినా."

నేను కూరల సంచీ అక్కడే పెట్టి, మేడెక్కి, పెద్దాయనకు ఫోన్ చేశాను.

"మాత్ర వేసుకున్నారా సార్?"

"మర్చిపోతిని. ఇప్పుడే వేసుకున్నానమ్మా," అన్నాడు. "అది సరే, వైరు ఎందుకు తీసేసినారు? ఇంకా అరవై కూడా దాటలేదే?"