బండ కడిగించాను, ఫోను మరిచాను

బేతంచెర్లలోని మా నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో బండల ఫోటోలు కస్టమర్లకు వాట్సాప్‌లో పంపేది నేనే. ఈ రోజు ఏ ఫోటో తీసినా మసకగానే వచ్చింది. రంగు తేలాలని, అక్కడే పనిచేసే రామక్కతో బండ మీద మూడుసార్లు నీళ్లు పోయించాను. సెట్టింగులన్నీ మార్చాను. చివరికి కొత్త ఫోను కావాలని ఓనరుకు మెసేజ్ కూడా పెట్టాను.

రామక్క చెంబు కింద పెట్టింది. "బండను మూడుతూర్లు కడిగిస్తివి గదప్పా, ఆ ఫోను కెమెరా ఒక్కతూరన్నా తుడిస్తివా? శానా దుమ్ముండాది సూడు."

తనే కొంగుతో తుడిచింది. ఈసారి ఫోటోలో బండ మీది సన్నటి చారలు కూడా కనబడ్డాయి.

ఆఫీసులో అందరికీ ఫోను చిట్కాలు చెప్పేది కూడా నేనే. ఓనరు చూడకముందే మెసేజ్ డిలీట్ చేసి, పనిలో పనిగా నా కళ్లద్దాలూ తుడుచుకున్నాను. మీరు కెమెరా తుడిచి ఎన్నాళ్లయింది?