మరియమ్మ అవ్వ ఇంట్లో మూడు దెబ్బలు

దయ్యాల మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. ఇంజనీరింగ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నదాన్ని. రీడింగ్ తేడాగా వస్తే ముందు వైరు చూస్తాను, తర్వాత ప్రోగ్రామ్ చూస్తాను. ఈ సంగతిలో ఆ రెండూ చూశాకే రాస్తున్నాను.

నా పరిశోధన గని పైకప్పుల మీద. కప్పు కూలేముందు అందులో పుట్టే సన్నని కంపనాలను పట్టుకునే చవక పరికరం తయారు చేస్తున్నాను. బోర్డు, సాఫ్ట్‌వేర్ రెండూ ఓపెన్ సోర్స్. ఎవరైనా నకలు చేసుకోవచ్చు, తప్పులు పట్టవచ్చు. గనిలోకి అనుమతి వచ్చేలోగా గోదావరిఖనిలో మా వీధిలోని పాత ఇళ్ల స్లాబులకు నాలుగు బిగించాను.

మూడింటిలో లారీలు, ఫ్యాన్లు, మిక్సీల అదురు, అంతే. నాలుగోది మరియమ్మ అవ్వ పడుకునే వెనక గదిలో ఉంది. భర్త ఏసుదాసు తాత బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన పోయాక అవ్వ ఒక్కతే ఉంటోంది. ఆ పరికరంలో రోజూ మధ్యాహ్నం మూడున్నరకు మూడు దెబ్బలు నమోదవుతున్నాయి. మూడూ ఒకే ఎడంతో.

సెన్సర్ మార్చాను. బోర్డు మార్చాను. కరెంటు తీసేసి బ్యాటరీతో నడిపాను. పక్కనే ఇంకొకటి బిగిస్తే దాంట్లోనూ అవే మూడు. ఎండకు స్లాబు సాగుతోందేమో అనుకున్నాను. ముసురు పట్టిన రోజు కూడా వచ్చాయి.

చివరికి ఆ టైముకు నేనే గదిలో కూర్చున్నాను. మిద్దె మీద ఎవరూ లేరు. చెవికి ఏమీ వినబడలేదు. ల్యాప్‌టాప్‌లో మాత్రం గీత మూడుసార్లు లేచింది. ల్యాప్‌టాప్ మూసి బయటికి వచ్చాను.

బియ్యం ఏరుతున్న అవ్వకు చెప్తే చేతులు ఆపింది.

"మూడేనా బిడ్డా? మీ తాత రెండో షిఫ్టుల మూడున్నరకు బాయిల దిగంగనే కడ్డీతోని పైబండను మూడుసార్లు కొట్టి చూసేటోడు. బోలుగ మోగిందంటే కింద ఎవ్వరిని నిలవడనియ్యకపోయేటోడు."

"గట్ల కాదవ్వా, నా మిషిన్ల ఏదో తప్పుంది."

"తప్పే అనుకో. మంచమైతే ఇవుతలికి గుంజు."

ఇద్దరం కలిసి మంచాన్ని ముందు గదిలోకి లాగాం.

నాలుగో రోజు పొద్దున, అవ్వ వాకిట్లో టీ తాగుతుండగా, వెనక గది స్లాబు పెచ్చు ఊడిపడింది. సరిగ్గా మంచం ఉండే చోట. ఒక్కో ముక్క నేను ఎత్తలేనంత బరువు. పరికరాలు రెండూ నలిగిపోయాయి. ఒకదాని మెమరీ కార్డు బతికింది.

లోపలి ఇనుము తుప్పుపట్టిందని మేస్త్రీ చూపించాడు. నిజమే, నేనూ చూశాను. ఊడేముందు పగుళ్లు చప్పుడు చేస్తాయి, అది కూడా నిజమే. కానీ పగుళ్లకు మూడున్నర అయిందని ఎలా తెలుస్తుంది?

మా గైడ్ సార్ ఆ రోజుల రీడింగులు తీసేయమన్నారు. తీయలేదు. డేటా మొత్తం నెట్‌లో పెట్టాను. ముక్కూమొహం తెలియని ఇద్దరు దించుకుని చూశారు. వాళ్లకూ తప్పు దొరకలేదు.

నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వనిది ఆ కార్డులోని చివరి భాగం. కూలే సమయం దగ్గరపడేకొద్దీ కంపనాలు పెరగాలి. నా థీసిస్ అంతా దాని మీదే నిలబడి ఉంది. మంచం జరిపిన సాయంత్రం నుంచి స్లాబు పడేదాకా ఆ కార్డులో ఒక్క దెబ్బ కూడా లేదు.